థీమ్ పార్కుల డాక్యుమెంటరీ చూశారా? ఆ టకటక చప్పుడు ఎక్కడిది?

పట్టాలబండి
నిన్న రాత్రి టీవీలో వేసిన థీమ్ పార్కుల డాక్యుమెంటరీ మొదటి భాగం ఎవరెవరు చూశారు? వారం రోజులుగా ప్రకటనలు చూసి ఊరించుకుని, పనులన్నీ ముందే ముగించుకుని కూర్చున్నాను. గంట కార్యక్రమంలో పావుగంటకు పైగా వాల్ట్ డిస్నీ బెంచీ కథే. కూతుళ్లు రంగులరాట్నం మీద తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటొకటి ఉంటే బాగుండునని అనుకోవడం. అది ఎన్నిసార్లు విన్నా వింటాం, పోనీ. నా బాధ వేరు.

కింగ్డా కా చూపించారు. 2005లో న్యూజెర్సీలో మొదలై 2024లో మూతపడిన రోలర్ కోస్టర్, 456 అడుగుల ఎత్తు. బండి నిటారుగా ఆకాశంలోకి పోతోంది. దాని మీద "టక్ టక్ టక్ టక్" అని చప్పుడు! అది గొలుసుతో పైకెక్కే కోస్టర్లలో వినిపించే చప్పుడు, దీనికి గొలుసే ఉండేది కాదు మహాప్రభో. హైడ్రాలిక్ యంత్రం ఉక్కుతాడుతో ఒక్క లాగు లాగితే మూడున్నర సెకన్లలో గంటకు 128 మైళ్ల వేగం అందుకుని, ఆ ఊపుతోనే గోపురం ఎక్కి దిగేది. టకటకలాడడానికి అక్కడ ఏముంది? నేను లేచి నిలబడి టీవీతో పోట్లాడాను. ఇంట్లోవాళ్లు టీవీ కట్టేయాలో నన్ను కట్టేయాలో తేల్చుకోలేకపోయారు.

నిద్రముఖం
నేను బెంచీ దగ్గరే నిద్రపోయాను. ఆయన చివరికి లేచారా?

మూడోచక్రం
నేనూ విన్నాను ఆ చప్పుడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గొలుసుతో ఎక్కే కోస్టర్‌లో పట్టాల మధ్య రంపపు పళ్లలాంటి పట్టీ ఉంటుంది. బండి అడుగున ఒక కొక్కెం వేలాడుతూ, పైకి వెళ్తున్నకొద్దీ ఒక్కో పన్ను దాటి అవతల పడుతుంది. ఒకవేళ గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆ కొక్కెం పన్నులో ఇరుక్కుంటుంది. టకటక అంటే అదే. చాలామంది గొలుసు చప్పుడనుకుంటారు. నిజానికి అది భద్రత చప్పుడు. భయపడేవాళ్లు ఎక్కువ భయపడేది కూడా దానికే, అదొక విచిత్రం.

లెక్కలటీచర్
కొత్తవాటిలో ఆ కొక్కేన్ని పళ్లకు తగలకుండా పైకెత్తి ఉంచే ఏర్పాట్లు వచ్చాయి. చప్పుడు లేకుండా ఎక్కుతాయి. నాకైతే ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

ఎడిటింగ్‌గది
నేను ఇలాంటి కార్యక్రమాలకే ఎడిటింగ్ చేస్తాను. దీనికి మాత్రం కాదు, రాళ్లు వేయకండి. మీకొక వృత్తి రహస్యం చెబుతాను. బయటి నుంచి కొన్న దృశ్యాల్లో సగానికి చప్పుడే ఉండదు. ఉన్నా గాలి హోరు, లేకపోతే కెమెరా పట్టుకున్నవాడి దగ్గు. అప్పుడు చప్పుళ్ల భాండాగారంలో "రోలర్ కోస్టర్, ఎక్కుట" అని ఉన్నదాన్ని తీసుకుని అతికిస్తాం. చూసేవాళ్లలో ఎక్కువమందికి టకటక వినిపిస్తేనే "అమ్మో, ఎక్కుతోంది" అనిపిస్తుంది. నిశ్శబ్దంగా పెడితే టీవీ పాడైందనుకుంటారు.

పట్టాలబండి
అంటే గుర్రాన్ని చూపించి రైలు కూత పెట్టినా పరవాలేదంటారు!

ఎడిటింగ్‌గది
గుర్రం పరుగు చప్పుడు కూడా చాలాసార్లు కొబ్బరి చిప్పలతోనే చేసేవారండీ. మీరు ఇక ఏ సినిమా చూడలేరు.

సంచులకాపలా
నా పేరు చూస్తేనే తెలుస్తుంది, నేను ఏదీ ఎక్కను. మావాళ్లు ఎక్కితే సంచులు, కళ్లజోళ్లు, ఫోన్లు, తడిసిన చెప్పులు నా ఒళ్లో. అలా ఎన్ని గంటలు కూర్చున్నానో లెక్క లేదు. మీరంతా వెక్కిరిస్తున్న ఆ బెంచీ కథ నాకు భలే నచ్చింది. ఎక్కనివాళ్ల గురించి ఆలోచించి పార్కు కట్టానని ఒక మనిషి చెప్పుకోవడం అదొక్కచోటే విన్నాను. మీ టకటకలు మీవి, నా బెంచీ నాది.

కానీ ఒకటి. బెంచీ మీద మొదలుపెట్టినవాళ్లు బెంచీ మీద కూర్చునేవాళ్లను ఒక్కసారైనా చూపించాలి కదా? గంటసేపూ చేతులెత్తి అరిచేవాళ్లే. నాలాంటివాళ్లు ఎక్కగలిగే, చీకటి గదుల్లో మెల్లగా తిప్పే రైడ్లు, పడవ రైడ్లు రెండు నిమిషాల్లో దాటేశారు.

పాతచిత్రాలు
సంచులకాపలా గారితో వంద శాతం ఏకీభవిస్తున్నాను. పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్ రైడ్ గురించి ఒక్క వాక్యం! డిస్నీ 1966 డిసెంబరులో పోయారు, అది కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1967 మార్చిలో తెరిచారు. ఆయన దగ్గరుండి చూసుకున్న చివరి రైడ్లలో ఒకటి, జనం ఎక్కడం మాత్రం చూడలేదు. దాన్ని వదిలేసి రికార్డుల పట్టిక చదివారు.

ఆ రైడ్లో పడవ మొదట్లోనే కిందికి జారుతుంది కదా. సరదా కోసం అనుకుంటాం. పార్కు చుట్టూ మట్టికట్ట, దాని మీద చిన్న రైలు. కట్ట లోపల అంత పెద్ద కట్టడానికి చోటు లేదు. అందుకని పడవను కట్ట కిందుగా దించి, అవతల పార్కు సరిహద్దు బయట కట్టిన పెద్ద షెడ్డులోకి పంపిస్తారు. మనం సముద్రంలో ఉన్నామనుకుంటున్నంతసేపూ ఉన్నది ఆ షెడ్డులోనే. పక్కనే ఉన్న హాంటెడ్ మాన్షన్‌దీ (1969) అదే కిటుకు. గది సాగిపోతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది లిఫ్టు. జనాన్ని రైలుకట్ట కిందికి దించుతోంది. ఫ్లోరిడాలో కట్టినప్పుడు దించాల్సిన అవసరం లేకపోయింది. కానీ జనానికి ఆ గది నచ్చేసింది కాబట్టి అక్కడ నేల కదలకుండా పైకప్పును ఎత్తుతారు.

సంచులకాపలా
అయ్యో! ఆ గదిలో మా తోడికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "కిందికి పోతున్నాం అక్కా" అంటే, నేను "కాదు, కప్పు పైకి పోతోంది" అన్నాను. ఇద్దరం పందెం కాశాం. ఎవరు గెలిచినట్టు?

పాతచిత్రాలు
కాలిఫోర్నియాలో అయితే ఆవిడ, ఫ్లోరిడాలో అయితే మీరు.

సంచులకాపలా
ఫ్లోరిడా! ఇప్పుడే ఫోను చేస్తున్నాను.

గంతులు
నాకు నచ్చింది అంటే తప్పా? మా వాడికి తొమ్మిదేళ్లు. వాడికి కోస్టర్ల గురించి ఏమీ తెలియదు. చూసినంతసేపూ నోరు తెరుచుకుని చూశాడు. తెలిసినవాళ్ల కోసం తీస్తే తెలిసినవాళ్లు నలుగురే చూస్తారు.

పట్టాలబండి
నచ్చడం తప్పు కాదండీ. కానీ తొమ్మిదేళ్ల పిల్లవాడికే ముందు సరైనది చెప్పాలి. పెద్దవాళ్లం ఎలాగూ తప్పులకు అలవాటుపడ్డాం. ఇంకొకటి, బండి వెనక్కి జారే దృశ్యం పెట్టి "ఘోర ప్రమాదం అంచున" అన్నారు చూశారా? కింగ్డా కా లాంటి కోస్టర్లలో అది అప్పుడప్పుడూ జరిగేదే. గాలి ఎదురైనా, ఊపు కాస్త తగ్గినా శిఖరం దాటలేక వెనక్కి వస్తుంది. అది తెలిసే కట్టారు. బండి ముందుకు దూకేటప్పుడు కిందికి దిగి ఉండే బ్రేకు రెక్కలు, అది దాటగానే మళ్లీ పైకి లేస్తాయి. వెనక్కి వచ్చిన బండిని అవే పట్టుకుంటాయి. అయస్కాంతాల బ్రేకు, కరెంటు పోయినా పనిచేస్తుంది. అలా వెనక్కి జారే అదృష్టం కోసం రోజంతా తిరిగి తిరిగి ఎక్కిన అభిమానులున్నారు.

మెచ్చుకోవాల్సింది కూడా చెబుతాను. 1959లో డిస్నీల్యాండ్‌లో వచ్చిన మాటర్‌హార్న్ ప్రపంచంలో తొలి ఉక్కు కోస్టర్ అని సరిగ్గా చెప్పారు.

మూడోచక్రం
అక్కడే దొరికారు. తొలి "గొట్టపు ఉక్కు పట్టాల" కోస్టర్. ఉక్కు వాడకం అంతకుముందూ ఉంది. ఉక్కు గొట్టాన్ని కావలసినట్టు వంచి పట్టాగా వేయడం యారో అనే కంపెనీవాళ్లు మాటర్‌హార్న్‌కు చేసిన పని. ఆ తరవాతే మెలికలూ తలకిందులు తిప్పడాలూ అన్నీ దారికొచ్చాయి. డాక్యుమెంటరీ కూడా గొట్టం మాట మింగేసింది, మీరూ మింగేశారు.

పట్టాలబండి
ఒప్పుకుంటున్నాను. చెంపలు వేసుకున్నాను. ఇద్దరమూ మింగాం.

నిద్రముఖం
చప్పుడు ఎక్కువైందని ఒకరు, గొట్టం తక్కువైందని ఒకరు. పెళ్లి భోజనంలా ఉంది మీ వ్యవహారం.

లెక్కలటీచర్
నా ఫిర్యాదు లూప్ గురించి, అంటే బండిని తలకిందులుగా తిప్పే చుట్టు గురించి. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో గుండ్రటి లూప్‌తో ఒక కోస్టర్ వచ్చిందని, మెడలు నొప్పి పుట్టేవని చెప్పారు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో విజయవంతమైందని చెప్పారు. రెండూ నిజమే. మధ్యలో ఏమి మారిందో చెప్పలేదు! "సాంకేతికత అభివృద్ధి చెందింది" అట. మా పిల్లలు జవాబు తెలియనప్పుడు పరీక్షలో రాసే వాక్యమిది.

విషయం ఇదీ. లూప్ అచ్చమైన వృత్తమైతే, శిఖరం దగ్గర పడిపోకుండా ఉండేంత వేగం చాలనుకున్నా, అడుగున ప్రవేశించేటప్పుడు మనిషికి తన బరువుకు ఆరు రెట్లు బరువు తగులుతుంది. వృత్తం పెద్దది చేసినా చిన్నది చేసినా ఆ ఆరు ఆరే, ఘర్షణ వదిలేసి లెక్క వేసి చూడండి. దానికి తోడు తిన్నటి పట్టా నుంచి వృత్తంలోకి మారేచోట ఆ బరువు ఒక్క దెబ్బలో వచ్చి పడుతుంది. మెడ ఆగుతుందా? 1976 లూప్‌కు వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు వేరే ఆకారం తీసుకున్నారు. కన్నీటి బొట్టును తలచుకోండి. అడుగున వంపు విశాలంగా, పైకి పోయేకొద్దీ బిగుతుగా. వేగం ఎక్కువున్నచోట వంపు తక్కువ, వేగం తగ్గినచోట వంపు ఎక్కువ. రైలు మార్గాలు మలుపు తిరిగేచోట వాడే వంపు కూడా ఇలా క్రమంగా బిగిసేదే. కన్నీటి బొట్టు బొమ్మ ఒక్కటి గీసి చూపిస్తే ఇరవై సెకన్లలో అయిపోయేది.

గంతులు
మీ పోస్టు మా వాడికి చదివి వినిపించాను. వాడు వెంటనే కాగితం మీద గీశాడు. తలకిందులుగా గీశాడు, లావు భాగం పైన. "అప్పుడేమవుతుంది?" అని అడుగుతున్నాడు.

లెక్కలటీచర్
అడుగున ఇరుకు వంపు, నిండు వేగం. ఆరుకు బదులు ఇంకా ఎక్కువ రెట్లు. ఎక్కినవాళ్లు దిగాక వాడి మీద కేసు పెడతారని చెప్పండి. ప్రశ్న మాత్రం చాలా మంచిది.

వరుసలోచివర
డాక్యుమెంటరీలో క్యూ గురించి ఒక్క ముక్క లేదు. పార్కుకు వెళ్లినవాడు రోజులో ఎక్కువసేపు చేసే పని నిలబడడం. రైడ్ మూడు నిమిషాలు. మెలికలు మెలికలుగా తాళ్లు కట్టి ఒకే చోట తిప్పేది ఎందుకు? ముందుకు పోతున్న భావన కోసం. ఎదురు వరుసలో వచ్చే మొహాన్ని ప్రతి మలుపులో చూసి చూసి, చివరికి ఒకాయనతో నాకు స్నేహమే కుదిరింది. ఏడో మలుపులో నవ్వాం, తొమ్మిదో మలుపులో పేర్లు చెప్పుకున్నాం. రైడ్ ఎలా ఉందో ఇప్పుడు గుర్తు లేదు. ఆయన మోకాలి ఆపరేషన్ సంగతులన్నీ గుర్తున్నాయి.

మూడోచక్రం
నాకు జరిగింది చెబుతాను. ఒక పార్కులో (పేరు వద్దు) గొలుసు కొండ మీద ముప్పావు దూరం ఎక్కాక బండి ఆగిపోయింది. టకటక ఆగింది. అంతవరకూ అరుస్తున్నవాళ్లంతా గప్‌చిప్. నలభై నిమిషాలు. పట్టా పక్కనే సన్నటి ఇనుప మెట్లుంటాయి, కింది నుంచి చూస్తే కనిపించవు. ఒక అమ్మాయి ఆ మెట్లెక్కి వచ్చింది, నడుముకు తాడు, చేతిలో తాళంచెవి లాంటిది. ఒక్కొక్కరి ఒళ్లో అడ్డంగా బిగించే బార్ విప్పి, "కిందికి చూడకండి, నా భుజం చూడండి" అంటూ దింపింది. నా ముందు సీటులో బాగా అరిచినవాడు ఆ మెట్ల మీద దేవుడి పాటలన్నీ పాడాడు.

తరవాత తెలిసింది, అది చెడిపోవడం కాదట. పట్టాను భాగాలుగా విభజించి, ఒక్కో భాగంలో ఒక్క బండే ఉండేలా చూస్తారు. ముందున్న భాగం ఖాళీ కాకపోతే వెనకది ఆగిపోవాల్సిందే. రైల్వే సిగ్నళ్ల పద్ధతే. ముందు బండి దిగేచోట ఎవరో బార్ తియ్యకుండా గొడవ పెట్టారు, మేము పైన వేలాడాం. ఆ అమ్మాయిలాంటి వాళ్లను చూపించాలి డాక్యుమెంటరీ అంటే. పొద్దున పార్కు తెరవకముందే పట్టా పొడవునా నడిచి బోల్టులు చూసేవాళ్లుంటారు. వాళ్లలో ఒక్కరి మొహమైనా కనిపించిందా? కలగన్నవాడొకడు, అరిచేవాళ్లు వెయ్యి మంది. మధ్యలో ఎవరూ లేనట్టు.

పట్టాలబండి
నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే. చప్పుడు తప్పు పెట్టినందుకు నాకు కోపం వచ్చింది కూడా అందుకే. ఆ కొక్కెం ఎందుకుందో తెలిసినవాడు దాని చప్పుడు అది లేనిచోట పెట్టడు. అన్నట్టు, మీ పేరులోని మూడో చక్రం సంగతి కూడా వాళ్లు చెప్పలేదు!

మూడోచక్రం
అడిగారు కాబట్టి. పట్టా పైన ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి. కిందిది లేకపోతే గుట్ట దాటేటప్పుడు బండి ఎగిరిపోతుంది. జాన్ మిల్లర్ అనే ఆయన దానికి 1919లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు బండి పట్టా మీద బరువుతో కూర్చునేది, అంతే. పెన్సిల్వేనియాలో 1902లో కట్టిన లీప్ ద డిప్స్ అనే కోస్టర్‌కు కింది చక్రాలు లేవు, అందుకే గుట్టలు అంత నెమ్మది. సీటులోంచి లేచినట్టయ్యే ఆ గాలిలో తేలే క్షణం మనకు దొరుకుతోందంటే ఆ చక్రం పుణ్యమే. ఆ మనిషికి గంటలో ఒక్క సెకను ఇవ్వలేదు.

పాతచిత్రాలు
"ప్రపంచంలో తొలి థీమ్ పార్కు డిస్నీల్యాండ్, 1955" అన్నదాని మీద ఎవరూ పోట్లాడరేమిటి? ఇండియానాలో సాంటా క్లాజ్ ల్యాండ్ 1946లోనే తెరిచారు. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ 1952. కోపెన్‌హేగన్‌లో టివోలీ 1843 నుంచి ఉంది, డిస్నీ వెళ్లి చూసి వచ్చారు కూడా. దానికి దగ్గర్లోనే బాకెన్, 1583 నుంచి!

ఎడిటింగ్‌గది
అవి వినోదాల తోటలు, థీమ్ పార్కు వేరు కదా? ఒక ఇతివృత్తం, దానికి తగ్గ వీధి, దుస్తులు, సంగీతం, అన్నీ ఒక్క కథలా ఉంటేనే థీమ్.

పాతచిత్రాలు
క్రిస్మస్ తాత పేరుతో ఊరు కట్టి, బొమ్మలతో నింపితే అది ఇతివృత్తం కాదా?

ఎడిటింగ్‌గది
...ఆ మాటకు జవాబు లేదు.

గంతులు
డిస్నీల్యాండ్ తొలి రోజు దృశ్యాలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. అది కూడా బాగాలేదంటే నేను ఊరుకోను.

పాతచిత్రాలు
ఒప్పుకుంటాను. 1955 జూలై 17. దొంగ టికెట్లతో జనం విరుచుకుపడ్డారు, కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల ఎత్తుమడమల చెప్పులు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీటి కుళాయిలా, మరుగుదొడ్లా అని ఎంచుకోవాల్సి వచ్చి మరుగుదొడ్లనే ఎంచుకున్నారు. దాహంతో ఉన్నవాళ్లేమో శీతల పానీయాలు అమ్ముకోవడానికే కుళాయిలు కట్టేశారన్నారు. ఇదంతా జరుగుతుంటే ఏబీసీ టీవీలో ప్రత్యక్ష ప్రసారం. వ్యాఖ్యాతల్లో ఒకాయన రొనాల్డ్ రీగన్, తరవాత అమెరికా అధ్యక్షుడైనాయన. ఆ ముక్క చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది, ఏ పని తొలి రోజైనా.

వరుసలోచివర
యూరో డిస్నీని మాత్రం అన్యాయంగా కొట్టారు. 1992లో పారిస్ దగ్గర తెరిచి, భోజనంతో వైన్ ఇచ్చేది లేదంటే ఫ్రెంచివాళ్లు ఊరుకుంటారా, మరుసటి ఏడాదికి దిగొచ్చారు, నిజమే. అప్పులు, పేరు మార్పు, నిజమే. కానీ కథ అక్కడే ఆపేస్తే అది మునిగిపోయిందనుకుంటారు. ఇప్పటికీ జనం వరుసల్లో నిలబడుతున్నారు. నేను నిలబడ్డాను.

మళ్లీచూశాను
నేను పని మానుకుని ఆ ముక్కను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆరుసార్లు చూశాను. పట్టాలబండి గారూ, మీ కేసు కొంచెం బలహీనపడుతోంది. కింగ్డా కాకు ముందు దృశ్యం కోనీ ఐలాండ్ సైక్లోన్. 1927 నాటిది, గొలుసుతోనే ఎక్కుతుంది. టకటక దానిదే. దృశ్యం మారినా చప్పుడును వెంటనే కోయకుండా కిందికి జార్చారు. కింగ్డా కా మీద పడినవి సరిగ్గా పదకొండు టక్కులు. తరవాత గాలి హోరే.

ఎడిటింగ్‌గది
హమ్మయ్య. మా కులం పరువు నిలిచింది. అది తప్పు కాదు, పద్ధతి.

పట్టాలబండి
పదకొండు టక్కులైనా టక్కులే. కానీ భాండాగారంలోంచి తెచ్చి అతికించలేదంటే కాస్త మనసు కుదుటపడింది. సైక్లోన్ చప్పుడు సైక్లోన్‌దే అన్నమాట.

మూడోచక్రం
సైక్లోన్‌ను "పూర్తిగా చెక్కతో కట్టినది" అన్నారు, గమనించారా? పట్టా చెక్కే, దాన్ని మోసే చట్రం ఉక్కు.

నిద్రముఖం
మీరు నిద్రలో కూడా బోల్టులు లెక్కపెడతారా?

సంచులకాపలా
తోడికోడలు ఒప్పుకోలేదు. "మనం వెళ్లింది కాలిఫోర్నియా" అంటోంది. ఫొటోలు వెతుకుతున్నాం. పాతచిత్రాలు గారూ, కోట చూసి చెప్పగలరా? మా ఫొటోలో కోట చిన్నగా, గులాబీ రంగులో ఉంది.

పాతచిత్రాలు
అమ్మా, అది కాలిఫోర్నియానే. అక్కడి కోట 77 అడుగులే. పైకి పోయేకొద్దీ రాళ్లు చిన్నవిగా చేసి ఎత్తుగా కనిపించేలా కట్టారు. ఫ్లోరిడా కోట 189 అడుగులు. పందెం ఏమిటి?

సంచులకాపలా
ఈసారి సంచులు తను మోయాలి, నేను ఏదైనా ఎక్కాలి. ఓడితే కూడా అదే. ఎందుకు అలా కాశానో నాకే తెలియదు.

మళ్లీచూశాను
రెండో భాగం ప్రకటన వచ్చింది, వచ్చే ఆదివారం. చెక్క కోస్టర్ గొలుసు మీద ఎక్కుతోంది, కొక్కెం పళ్ల మీద పడడం దగ్గరగా చూపించారు, స్పష్టంగా. చప్పుడు లేదు. వయొలిన్ పెట్టారు.

పట్టాలబండి
ఫోను పక్కన పెడుతున్నాను. ఎవరూ పిలవకండి.

నిద్రముఖం
అందులో బెంచీ ఉందా?